మూడు సెకన్ల పిలుపు

మీలో చాలామందికి నా పేరు తెలీదు గానీ నా పని తెలుసు. రాజమండ్రిలో ఆటో ఎక్కినా, టిఫిన్ సెంటర్లో కూర్చున్నా, పాటకీ పాటకీ మధ్య ఒక ఆడగొంతు "ఇంటికి రా..." అని సాగదీస్తుంది చూడండి. వెనకాల మూడు పిల్లనగ్రోవి స్వరాలు, ఆ వెంటనే "గట్టు ఎఫ్ఎం" అని మా ఆర్జే ఫిన్నీ గొంతు. అది చేసింది నేనే. చేశాననడానికి కూడా ఇప్పుడు నోరు రావడం లేదు. దొంగిలించాననాలి. ఆ మాటా సరిపోదు.

నా పేరు గణేష్‌బాబు. పదకొండేళ్ళ బట్టి గట్టు ఎఫ్ఎంలో సౌండ్ ఎడిటర్‌ని. మా స్టేషన్ మూడో అంతస్తులో ఉంటుంది. నేను పనిచేసే గదికి కిటికీ లేదు. గోడల నిండా నల్ల స్పాంజి. తలుపు వేసుకుంటే పగలో రాత్రో తెలీదు, కింద రోడ్డు మీద బ్యాండుమేళంతో పెళ్ళి ఊరేగింపు పోయినా వినపడదు. నాకా గదంటే ప్రాణం. బట్టల షాపు పాటలు, రొయ్యల మేత ప్రకటనలు, నాయకుల పండగ శుభాకాంక్షలు, అన్నీ అక్కడే వండేవాణ్ణి.

ఈ ఏడు ఆషాఢంలో మా స్టేషన్ హెడ్ వీరబ్రహ్మం గారు మీటింగ్ పెట్టారు. హైదరాబాద్ నుంచి ఎవరో వచ్చి సోనిక్ బ్రాండింగ్ అని ఆయన చెవిలో ఊది వెళ్ళారు.

"ఏమయ్యా గణేషూ, మనం వేసే పాటలే పక్క స్టేషన్ వాళ్ళూ వేస్తారు. రేడియో పెట్టినవాడికి ఇది మనదని ఎలా తెలుస్తుంది? మనకో సొంత సౌండ్ కావాలి. మూడు సెకన్లు, అంతే. వినగానే గోదారి కళ్ళ ముందు కనపడాలి."

నెల రోజులు నా బుర్ర వేడెక్కిపోయింది. వీణ అన్నాను, గుడిగంట అన్నాను, పడవ పాట అన్నాను. ఏది పట్టుకెళ్ళినా పాతచింతకాయ పచ్చడి అనేవారాయన. ఇంకో పదిరోజుల్లో తేకపోతే హైదరాబాద్ వాళ్ళకి ఇచ్చేస్తానన్నారు. నాకు రోషం వచ్చింది. గోదారి చప్పుడు హైదరాబాద్ వాడు చెయ్యడమేంటండీ?

శ్రావణంలో వరద తీస్తున్న రోజులవి. నీళ్ళ చప్పుడు, తెడ్డు చప్పుడు పట్టుకొద్దామని రికార్డర్ జేబులో వేసుకుని బండి మీద బయల్దేరాను. ఆత్రేయపురం దాటాక ఏటిగట్టు పక్కనే ఒక పల్లిపాలెం ఉంది, చేపలు పట్టుకునే వాళ్ళది. ఊరి పేరు చెప్పను. వాళ్ళకి నేను చేసింది చాలు.

వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గుర్రపుడెక్క దుబ్బులు దుబ్బులుగా కొట్టుకుపోతోంది. ఒండ్రు వాసన, ఎండుచేపల వాసన కలిసి ముక్కుకి పట్టేస్తున్నాయి. ఒడ్డున ముప్పై నలభై మంది నిలబడి ఉన్నారు గానీ ఒక్కళ్ళూ మాట్లాడ్డం లేదు. చంటిపిల్లలు కూడా నోరెత్తడం లేదు. అప్పాజీ అని ఒక పెద్దాయన నా బండి చప్పుడు విని గబగబా వచ్చి, ఇంజను ఆపమని చెయ్యూపాడు.

"ఏమైందండీ?" అన్నాను.

"పెద్దిరాజనండి, మా అచ్చాయమ్మ కొడుకు. వరదలో వల కొట్టుకుపోతోందని దిగాడు. మూడు రోజులైంది. దొరకలేదు." ఆయన గొంతు బాగా తగ్గించాడు. "ఇవాళ పిలుస్తారండి."

"పిలవడమేంటండీ?"

మునిగిన మనిషి మూడు రోజులకీ దొరక్కపోతే, మూడో సాయంత్రం కన్నతల్లి దీపం పట్టుకుని రేవులో నిలబడి పేరు పెట్టి పిలుస్తుందట. ఒక్కసారే. వాడొచ్చి ఇంటిని ఆఖరుసారి చూసుకుంటాడట. ఆ దీపం కొండెక్కేలోపల వెళ్ళిపొమ్మని ఆవిడే చెప్పెయ్యాలి. పిలిచినవాళ్ళే పంపాలి. మిగతా ఊరంతా నదికి వీపు పెట్టి, చెవులు మూసుకుని నిలబడతారు.

"మీరూ మూసుకోండి బాబూ. ఆ మాట మనది కాదు," అన్నాడు అప్పాజీ, వెనక్కి తిరిగి నిలబడుతూ.

అందరూ తిరిగారు. అందరూ చెవులు మూసుకున్నారు. నేనూ తిరిగాను. ఒక చెయ్యి చెవి మీద పెట్టుకున్నాను... రెండో చెయ్యి జేబులోకి పోనిచ్చి రికార్డర్ బటన్ నొక్కాను. ఛీ! ఆ రెండో చేతిని నరికెయ్యాలండీ.

"ఒరే పెద్దిరాజూ... ఇంటికి రా..."

అలాంటి గొంతు నేను మళ్ళీ వినలేదు. ఏడుపు లేదందులో. సాయంత్రం అన్నం వండి, ఆడుకుంటున్న కొడుకుని కేకేసినట్టే ఉంది. ఆ "రా" నీళ్ళ మీద అవతలి లంక దాకా వెళ్ళి ఎక్కడో ఆగింది. నాకు ఒళ్ళు జలదరించింది. జలదరించిన మరుక్షణం నా వెధవ బుర్రలో ఏం మెదిలిందో తెలుసా? మూడు సెకన్లు. సరిగ్గా మూడు సెకన్లు.

చాలాసేపు ఏమీ లేదు. నీళ్ళు ఒడ్డుని తడుతున్న చప్పుడే. ఆ తర్వాత ఆవిడ మెల్లగా, "ఇంక వెళ్ళిపో నాయనా... పెద్దిరాజూ, వెళ్ళిపో," అంది. మేం ఇటు తిరిగేసరికి దీపం ఆర్పేసి, ఇంకా నీళ్ళకేసే నిలబడి ఉంది.

తిరుగుదారిలో ఆత్రేయపురంలో ఆగి ఇంటికి పూతరేకులు కొన్నాను. ఒక తల్లి శోకం జేబులో ఉంటే నేను నేతివా, చక్కెరవా, బెల్లంవా అని బేరమాడుతున్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

మర్నాడు నా గదిలో కూర్చుని పని మొదలెట్టాను. ముందు "ఒరే పెద్దిరాజూ" కత్తిరించేశాను. స్టేషన్ జింగిల్‌లో ఎవరో పెద్దిరాజు ఎందుకు? అందరికీ తగిలేలా ఉండాలి. తర్వాత "వెళ్ళిపో నాయనా" కత్తిరించేశాను. వినేవాళ్ళని పట్టుకుని వెళ్ళిపోమని ఏ రేడియో అంటుంది? మిగిలింది "ఇంటికి రా..." ఒక్కటే. గొంతు కాస్త పల్చన చేసి, వయసు తగ్గించి, పిల్లనగ్రోవి తగిలించాను. మొదటి రికార్డింగ్ అంతా కార్డులోంచి చెరిపేశాను. ఎందుకు చెరిపానో నిజం చెప్పనా? ఎవరైనా వింటే నా దొంగతనం బయటపడుతుందని.

వీరబ్రహ్మం గారు విని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఎవరయ్యా ఈవిడ?"

"జంగారెడ్డిగూడెం వైపు జానపద గాయని సార్," అన్నాను. తడుముకోలేదు కూడా.

వినాయక చవితి రోజు గాల్లోకి వదిలాం. రోజుకి నలభైసార్లు. సాయంత్రం ఆరింటికి ఫిన్నీ చేసే ప్రోగ్రాం పేరు కూడా 'ఇంటికి రా' అనే పెట్టారు. వారం తిరక్కుండా పిల్లలు ఆ మాట అనుకరించడం మొదలెట్టారు. ఫోన్లలో రింగ్‌టోన్ అయింది. హైదరాబాద్ పిలిచి నాకు అవార్డు ఇచ్చారు. శాలువా కప్పించుకుని, "ఇది మా గోదారి గొంతు," అని మైకులో చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఫోటో ఒకటి స్టేషన్ గోడకెక్కింది, ఇంకోటి మా ఆవిడ సత్యవేణి ఫ్రేము కట్టించి ఇంట్లో హాల్లో తగిలించింది.

దసరా ముందు శుక్రవారం మధ్యాహ్నం రిసెప్షన్ నుంచి ఫోను. ఎవరో పెద్దావిడ, చిన్నపిల్లని వెంటబెట్టుకుని వచ్చింది, ఆ పిలుపు చేసినాయన్ని చూడాలంటోంది అని.

వెళ్ళి చూసేసరికి ఆవిడే. రేవులో ఆవిణ్ణి వెనకనించే చూశాను గానీ గుర్తుపట్టడానికి మొహం అక్కర్లేకపోయింది. నీరుకావి చీర, భుజాలు కాస్త ఒంగి. పక్కన ఆరేళ్ళ పిల్ల, బడి యూనిఫామ్‌లో.

"కూర్చోండమ్మా," అన్నాను.

ఆవిడ కూర్చోలేదు. నోరు తెరిచింది. గొంతు రాలేదు. గాలి మాత్రమే వచ్చింది. నేను దగ్గరగా ఒంగి వినాల్సి వచ్చింది.

"నన్ను అచ్చాయమ్మంటారు బాబూ. ఇది నా మనవరాలు, శ్రీదుర్గ. గొంతు పోయిందండి. వినాయక చవితి నుంచి. కాకినాడ పెద్దాసుపత్రిలో చూపించాం. ఏ జబ్బూ లేదన్నారు."

నేను కుర్చీ ఆవిడ వైపు జరిపాను.

"నా గొంతు మీ రేడియోలో ఉందండి," అంది గుసగుసగా. కోపం లేదా మాటలో. పొరపాటున నా గొడుగు మీరు పట్టుకెళ్ళారన్నట్టు అంది. "పట్టుకుపోతే పోయారు. ముసలిదాన్ని, నాకెందుకండీ గొంతు. కానీ మీరు సగమే పట్టుకెళ్ళారు. వాణ్ణి రోజూ రమ్మంటున్నారు. పొమ్మనడం లేదు."

"అమ్మా, అది..."

"వాడొస్తున్నాడు బాబూ."

మొదట్లో రేవు దగ్గర నిలబడేవాడట. ఆరింటికి పిలుపు రాగానే ఒడ్డున తడి కాళ్ళ గుర్తులు. తర్వాత వలలు ఆరేసే చోటికొచ్చాయి. తర్వాత వీధి కుళాయి. నిన్న వాకిట్లోకి వచ్చాయి. ఇంట్లో రేడియో తీసి పారేశారట. ఏం లాభం? వాడికి వినపడేది ఇంట్లో రేడియో కాదు.

"మూడోరోజు నేను పంపిన కొడుకు నా కొడుకేనండి. ఇలా నలభైసార్లు పిలిస్తే వచ్చేవాడు ఎవడో నాకు తెలీదు," అంది. "వాడికి నా మొహం గుర్తులేదు. ఇల్లు గుర్తులేదు. పిల్లని మాత్రం అడుగుతున్నాడు."

శ్రీదుర్గ అప్పటిదాకా గోడ మీద నా అవార్డు ఫోటో చూస్తోంది. ఇటు తిరిగి చాలా మామూలుగా చెప్పింది. "ఇవాళ గడప దగ్గరికి వస్తానన్నాడండి నాన్న. నన్ను తలుపు తియ్యమన్నాడు. మామ్మ వద్దంటోంది."

"ఆ రెండో మాట కూడా వేయించండి బాబూ," అంది అచ్చాయమ్మ. "ఇవాళ ఆరింటికి. నా నోటంట రావడం లేదు. మీ దగ్గరుంది కదా. ఒక్కసారి వేస్తే చాలు. పిల్ల దక్కుతుంది."

నా దగ్గర లేదు. నేనే చెరిపేశాను. ఆ ముక్క అక్కడే, అప్పుడే చెప్పాలి కదండీ? చెప్పలేదు. "తప్పకుండా అమ్మా, సార్‌తో మాట్లాడి ఇవాళే వేయిస్తాను," అన్నాను. పైగా బీరువాలోంచి శ్రోతలకిచ్చే గట్టు ఎఫ్ఎం కప్పు ఒకటి, టోపీ ఒకటి తీసి పిల్ల చేతిలో పెట్టాను. వాళ్ళు వెళ్ళాక చూస్తే రెండూ మెట్ల మీద ఓ పక్కగా పెట్టి ఉన్నాయి. నా మొహాన కొట్టినా బాగుండేది.

వీరబ్రహ్మం గారి గది తలుపు నా గదికి పది అడుగులు. వెళ్ళలేదు. వెళితే జానపద గాయని ఏమైందని అడుగుతారు. అవార్డు ఏమవుతుంది, ఉద్యోగం ఏమవుతుంది, సత్యవేణి ఏమనుకుంటుంది, ఇవే ఆలోచించాను. ఆరేళ్ళ పిల్ల తలుపు దగ్గర నిలబడి ఉంటే నేను శాలువా గురించి ఆలోచించాను.

ఇంకో ఉపాయం తట్టింది. మా పనివాళ్ళకే తట్టే దగుల్బాజీ ఉపాయం. ఈమధ్య సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా, మూడు సెకన్ల గొంతు చాలు, ఆ గొంతుతో ఏ మాటైనా పలికించొచ్చు. ఆవిడ గొంతుతోనే "వెళ్ళిపో" అనిపించి, ఆరింటికి చల్లగా మధ్యలో దూర్చేస్తే ఎవరికీ ఏమీ తెలీదు. నా పరువూ నిలుస్తుంది.

నాలుగున్నరకి గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. "ఇంక వెళ్ళిపో నాయనా పెద్దిరాజూ" అని టైపు చేశాను. బటన్ నొక్కాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

"ఇంటికి రా..."

మళ్ళీ టైపు చేశాను. అక్షరం అక్షరం సరిచూసుకున్నాను.

"ఇంటికి రా..."

పదకొండుసార్లు చేశాను. పదకొండుసార్లూ అదే. పన్నెండోసారి మాత్రం ఫైలు పొడుగ్గా వచ్చింది. నాలుగు ముక్కలకి నలభై సెకన్లు. తెర మీద గీత దాదాపు చదునుగా ఉంది. శబ్దం పెంచి విన్నాను.

నీళ్ళు. ఒడ్డుని తడుతున్న నీళ్ళు. అది నేను చెరిపేసిన నిశ్శబ్దం... ఆవిడ పిలిచాక, పంపేముందు ఉన్న నిశ్శబ్దం. కానీ అందులో ఇంకేదో ఉంది. బురదలోంచి కాలు పీక్కుంటున్న చప్పుడు. ఒక అడుగు. ఇంకో అడుగు. ఊపిరి... బాగా నీళ్ళు తాగిన మనిషి ఊపిరి.

కరెంటు పోయింది.

గదిలో చిమ్మచీకటి. ఏసీ ఆగింది. కంప్యూటర్ ఆగింది. బయట ఇంకా ఎండ ఉండి ఉంటుంది, రోడ్డు మీద జనం తిరుగుతూ ఉంటారు. ఇక్కడికి ఏదీ వినపడదు.

హెడ్‌ఫోన్స్‌లో నీళ్ళు మాత్రం ఆగలేదు.

ఊడబీకి పారేశాను. అయినా వినపడుతోంది. గోడల్లోంచి. నల్ల స్పాంజిలోంచి... టప్... టప్... ఒండ్రు వాసన గుప్పుమంది. నీచు వాసన. నా కాళ్ళ కింద తివాచీ తడిగా, చల్లగా తగిలింది. చెప్పులు లేని కాళ్ళకి ఇసక తగిలింది.

లేవబోయాను. కాళ్ళు బురదలో దిగబడ్డాయి.

ఎడమ చెవి పక్కన... చాలా దగ్గరగా...

"ఎటు?"

మగగొంతు. ముసలి గొంతు. పెద్దిరాజుకి ముప్పై కూడా లేవు కదా అని అప్పుడు నాకు తట్టలేదు. తలుపు గుర్తుకొచ్చింది. గోడ తడుముకుంటూ పడుతూ లేస్తూ వెళ్ళాను. పిడి చేతికి జారిపోతోంది. నీళ్ళు కారుతోంది పిడి. రెండు చేతులా పట్టి లాగి వరండాలో పడ్డాను.

వరండాలో ఇంకా కాస్త వెలుతురుంది. గోడ గడియారంలో ఆరుకి నాలుగు నిమిషాలు తక్కువ. నాలుగున్నర నుంచి ఇంతసేపు లోపలేం చేశానో నాకు తెలీదు. లైవ్ గదిలో ఎర్రలైటు వెలిగే ఉంది, దానికి జనరేటరుంది. ఫిన్నీ నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. ఇంకో నాలుగు నిమిషాల్లో ఆ బటన్ నొక్కుతాడు. అక్కడ ఆ పిల్ల తలుపు దగ్గర కూర్చుని ఉంటుంది.

తోసుకుని లోపలికెళ్ళాను.

"అన్నా, ఆన్ ఎయిర్! ఏంటిది?" అని ఫిన్నీ గుసగుసలాడాడు, మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి. నా బట్టలు చూశాడు. మోకాళ్ళ దాకా బురద.

"లే," అన్నాను.

లేచాడు. నేను మైకు దగ్గరికి లాక్కున్నాను. పదకొండేళ్ళలో ఎప్పుడూ నా గొంతు గాల్లోకి వెళ్ళలేదు.

"నా పేరు గణేష్‌బాబు. రాజమండ్రి ఆర్యాపురంలో ఉంటాను. ఈ స్టేషన్లో ఎడిటర్‌ని. మీరు రోజూ వింటున్న పిలుపు ఏ గాయనిదీ కాదు. ఒక తల్లి గోదాట్లో పోయిన కొడుకుని పిలుచుకున్న పిలుపు. నేను దొంగచాటుగా పట్టుకొచ్చాను. ఆవిడ పిలిచింది ఒక్కసారే. మిగతాదంతా పిలిచింది నేను." వీరబ్రహ్మం గారు అద్దం బయట నిలబడి చేతులూపుతున్నారు. "పెద్దిరాజూ... తప్పు నాది నాయనా. మీ అమ్మది కాదు. నీ కూతుర్ని వదిలెయ్. ఇంక వెళ్ళిపో. వెళ్ళిపో."

ఆరు కొట్టింది. ఫిన్నీ బటన్ నొక్కలేదు. ఆ రోజు తొలిసారి ఆరింటికి మా స్టేషన్లో ఏ శబ్దమూ రాలేదు.

ఆ పిలుపు ఫైళ్ళన్నీ నా చేత్తోనే తీసేసి, ఎవరు పిలుస్తున్నా వినిపించుకోకుండా బండి తీశాను. ధవళేశ్వరం ఆనకట్ట, బొబ్బర్లంక, ఎలా దాటానో తెలీదు. పిల్ల ఉంటే చాలు, ఉంటే చాలు అనుకుంటూనే ఉన్నాను. పల్లిపాలెం చేరేసరికి చీకటి పడింది. అడుగుతూ వెళితే అచ్చాయమ్మ ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. నా ప్రాణం పోయిందనుకున్నాను.

అరుగు మీద శ్రీదుర్గ కూర్చుని అన్నం తింటోంది. గోరుముద్దలు కలిపి పెడుతోంది మామ్మ. గడప ముందు నేల మీద తడి ఆరుతోంది. కాళ్ళ గుర్తులు గడప దాకా వచ్చి, వెనక్కి తిరిగి, వీధి వైపు వెళ్ళిపోయాయి.

"వెళ్ళాడు బాబూ," అంది అచ్చాయమ్మ. గొంతుతో అంది. రేవులో విన్న ఆ గొంతుతో.

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ కాళ్ళ మీద పడబోతే కాళ్ళు వెనక్కి తీసుకుంది. తిట్టలేదు. దీవించలేదు. "దూరం నుంచి వచ్చారు. మంచినీళ్ళు తాగండి," అని చెంబు తేవడానికి లోపలికి వెళ్ళింది. ఆవిడ తిట్టినా నాకింత సిగ్గు వేసేది కాదు.

పిల్ల పక్కన అరుగు మీద కూలబడ్డాను. "భయమేసిందా అమ్మా?" అన్నాను.

"లేదండి. నాన్న టాటా చెప్పి వెళ్ళిపోయాడు." ముద్ద మింగి, "మిగతావాళ్ళే వెళ్ళలేదు," అంది.

"మిగతావాళ్ళెవరు?"

"రేవులో ఉన్నారు కదండీ, బోల్డుమంది. తాతలు, ఆడవాళ్ళు, పిల్లలు కూడా. నాన్న వెనకాల రోజూ వచ్చేవారు. మీరు నాన్న ఒక్కడినే వెళ్ళమన్నారు కదా, పేరెట్టి. మమ్మల్ని పిలిచిందెవరమ్మా అని అడిగారు నన్ను."

పేరు కత్తిరించింది నేను. అందరికీ తగిలేలా ఉండాలని. మా స్టేషన్ పట్నం దాటి ఎంత దూరం వినపడుతుందో, గోదారి పొడుగునా ఎన్ని రేవులున్నాయో, ఇన్నేళ్ళలో ఎంతమంది దొరక్కుండా పోయారో... ఆ లెక్క నా బుర్రలో తిరగడం మొదలెట్టింది.

"మామ్మ పేరు చెప్పావా?" అన్నాను.

"లేదండి. మామ్మ కాదు కదా, మీరేనని రేడియోలో చెప్పారు. పక్కింట్లో వినపడింది. గణేష్‌బాబు గారు, రాజమండ్రి, ఆర్యాపురం అని చెప్పాను. అందరూ గట్టెక్కి రోడ్డు మీదకి వెళ్ళిపోయారు."

జేబులో ఫోన్ మోగింది. సత్యవేణి. మా ఆవిడ రేడియో వినదు. రోజంతా మీతో ఆ గోల చాలదా అంటుంది.

"ఏమండీ, ఎక్కడున్నారు? చెప్పాపెట్టకుండా ఇంతమందిని భోజనానికి పిలిచారేంటి?"

ఫోను చెవికి నొక్కుకున్నాను.

"గేటు దగ్గర నిలబడి ఉన్నారండి, ఎవరో పాపం పల్లెటూరివాళ్ళు. మీరే రమ్మన్నారట. వాన కూడా లేదు, అంతా తడిసి ముద్దైపోయి ఉన్నారు. వచ్చినవాళ్ళని వాకిట్లో నిలబెడితే ఏం బాగుంటుంది? లోపలికి రమ్మన్నాను."

"సత్యా... నువ్వు... బయటికొచ్చెయ్..."

"ఏంటీ? వినపడ్డం లేదండి. అన్నం పొయ్యి మీద పడేశాను గానీ..." గొంతు కాస్త తగ్గించింది. "కూర్చోమంటే ఒక్కళ్ళూ కూర్చోవడం లేదండి. హాల్లో మీ ఫోటో చుట్టూ చేరి నిలబడ్డారు. నవ్వరు, మాట్లాడరు. త్వరగా రండి. నాకు అదోలా ఉంది."

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే తియ్యడం లేదు. మోగుతోంది, ఎవరో తీసినట్టే ఉంటుంది, అవతల నీళ్ళు ఒడ్డుని తడుతున్న చప్పుడు వస్తుంది.

ఇది జరిగి గంటన్నర అయింది. నేను వెళ్ళాలి. వాళ్ళు వచ్చింది నాకోసం. నేను వెళితేనే సత్యవేణిని వదులుతారు. పిలిచినవాడే పంపాలి. ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పంపాలంటే నాకు ఒక్కరి పేరూ తెలీదు. ఎదురుగా గట్టు మీద బండి ఉంది. తాళం చేతిలోనే ఉంది. అచ్చాయమ్మ రెండుసార్లు బయటికొచ్చి, నన్ను చూసి లోపలికి వెళ్ళింది.

ఇంకా లేవలేదు నేను.